ఊపిరి మందులు, ఊరి మైకు

మన ఇళ్లలో ఏ ఇంగ్లీషు మందు మీదైనా మోపే నేరాలు రెండే. ఒకటి, వేడి చేస్తుంది. రెండు, అలవాటైపోతుంది. నోరు పూసినా, కడుపులో మంటొచ్చినా, నిద్ర పట్టకపోయినా, గుండె దడదడలాడినా, అరికాళ్లు మండినా అన్నీ వేడి ఖాతాలోకే పోతాయి. రెండు గ్లాసుల మజ్జిగ తాగిస్తే విచారణ ముగుస్తుంది. రెండో నేరం అంత తేలిగ్గా వదలదు, పీల్చే మందు మీద పడిందంటే అసలే వదలదు. "ఒకసారి పంపు మొదలెట్టావంటే ఇక జన్మంతా పంపే" అని హెచ్చరించని చుట్టం ఉండడు. సంబంధాలు చూస్తున్న పిల్ల హ్యాండ్‌బ్యాగులో ఇన్‌హేలర్ ఎవరి కంటా పడకుండా రుమాల్లో చుట్టిపెట్టే తల్లుల్ని నేనెరుగుదును. అదే తల్లి, పిల్లకి ఆయాసం తిరగబెడితే వీధి చివర ఆర్‌ఎంపీ గారిచ్చిన పేరులేని మాత్రల పొట్లాన్ని నిశ్చింతగా మింగిస్తుంది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి దాని మీద కేసు నిలవదు.

నేను డాక్టర్ని కాను. మాది ఉబ్బసాల వంశం, అంతే. మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మందుల గూడు ఉండేది. రెండింటికీ పూట తప్పేది కాదు. ఆ గూట్లోకి వచ్చిపోయిన మందుల్ని ఇన్నేళ్లుగా చూస్తూ, వాటి గురించి చదువుతూ వచ్చాక నాకు ఒకటి తోస్తుంది. ఈ మందులు చెడు చేయవని కాదు, చేస్తాయి. అయితే చెడు చేసేదీ మంచి చేసేదీ వేర్వేరు గుణాలు కావు. ఉన్నది ఒకటే గుణం. అది ఊపిరితిత్తుల్లో జరిగితే మందంటాం, మరోచోట జరిగితే సైడ్ ఎఫెక్ట్ అంటాం. ఈ లెక్కన చూస్తే మనం ఏ మందుని నమ్ముతామో, ఏ మందుని అనుమానిస్తామో ఆ వరస మొత్తం తలకిందులుగా ఉంది.

మా పెదనాన్న కరణీకం చేసిన మనిషి. అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి. కరణాలు పోయాక కూడా డైరీ రాయడం మానలేదు: పాల లెక్క, కూలీల లెక్క, ఏ రోజు వాన పడింది, ఎవరింట్లో ఎవరు పోయారు. ఆయన పోయాక ఆ డైరీలు తిరగేస్తుంటే కొన్ని పేజీల్లో చేతిరాత మారిపోయింది. తలకట్లు వంకర్లు తిరిగాయి, సున్నాలు మూతపడలేదు, కొమ్ములు పక్క అక్షరం మీదికి జారాయి. మళ్లీ నాలుగు పేజీల తర్వాత అదే ముత్యాల కోవ. వయసు వణుకైతే మళ్లీ కుదురుకోదు కదా. అవి ఉబ్బసం తిరగబెట్టిన రోజులు, ఆయన ఆస్తాలిన్ మాత్రలు వేసుకున్న రోజులు. ఆ వణుకు ఆయనకి బాధగా ఉండేది కాదు, భరోసాగా ఉండేది. చెయ్యి చాచి చూపించి, "మందు పట్టిందిరా, వణుకుతోంది చూడు" అనేవాడు.

ఆస్తాలిన్‌లో ఉండేది సాల్బుటమాల్. కుక్క వెంటపడితే మన ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు పరుగుకు సిద్ధమవుతాయి, ఊపిరి గొట్టాలు విచ్చుకుంటాయి. ఉబ్బసం మనిషికి కావలసింది ఆ చివరిది ఒక్కటే. ఊపిరి గొట్టాల చుట్టూ సన్నటి కండరం ఉంటుంది. ఉబ్బసంలో అది బిగుసుకుపోతే గాలి ఇరుకు సందుల్లోంచి పోతూ పిల్లికూతలు కూస్తుంది, చిన్నపిల్లలైతే డొక్కలెగరేస్తారు. ఆ కండరం మీద బీటా-2 అనే గ్రాహకాలుంటాయి. సాల్బుటమాల్ వాటిని తాకగానే బిగువు సడలుతుంది. చిక్కెక్కడంటే ఆ బీటా-2 గ్రాహకాలు చేతి కండరాల్లోనూ ఉన్నాయి. అక్కడ తాకితే వేళ్లు వణుకుతాయి. కొన్ని గుండెలోనూ ఉన్నాయి, దాంతో దడ. పైగా మందు రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. ఇదీ ఒక దోషంగానే పుస్తకాల్లో రాసి ఉంటుంది. కానీ మూత్రపిండాలు దెబ్బతిని పొటాషియం ప్రమాదకరంగా పెరిగిన మనిషికి, ఉబ్బసం లేకపోయినా, ఆసుపత్రిలో సాల్బుటమాల్‌నే నెబులైజర్లో పోసి పెడతారు. నిన్నటి వార్డులో దుష్ఫలితం, ఇవాళ్టి వార్డులో ప్రిస్క్రిప్షన్.

లెక్క చూడండి. పెదనాన్న మింగిన మాత్ర 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. రెండు పఫ్‌లు పీల్చినా మాత్రలో ఇరవయ్యో వంతు. అందులోనూ అధిక భాగం గొంతులోనే అంటుకుపోతుంది. అయినా పీల్చిన మందు కొద్ది నిమిషాల్లో ఊపిరి ఇస్తుంది. మాత్ర కడుపులో కరిగి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, ఆఖర్న ఊపిరితిత్తులకు చేరాలి. ధనుర్మాసంలో గుడి గోపురానికి మైకు కట్టి దేవుడికి మేలుకొలుపు పాడితే ఊరందరికీ నిద్ర చెడుతుంది. మాత్ర సంగతి అంతే. గర్భగుడి గడప దగ్గర నిలబడి పాడేది ఇన్‌హేలర్. అదే పాట, దేవుడికి వినపడితే చాలు. కానీ ఒళ్లంతటినీ లేపిన మాత్ర "పవరున్న మందు" అయింది. ఉండాల్సిన చోట మాత్రమే పనిచేసిన పంపు "అలవాటైపోయే మందు" అయింది.

ఆ పంపు పుట్టడానికి ఒక పదమూడేళ్ల పిల్ల కారణం. 1950ల్లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్‌కి అధిపతి జార్జ్ మేసన్. ఆయన కూతురికి ఉబ్బసం. అప్పట్లో గాజుబుడ్డికి తగిలించిన రబ్బరు బుడగ పిసుకుతూ మందు పీల్చేవారు. బుడ్డి పగిలేది, మోతాదు కుదిరేది కాదు. జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా నా మందు డబ్బాలో ఎందుకు రాదు నాన్నా అని ఆ పిల్ల అడిగిందట. 1956 కల్లా నొక్కితే కొలిచినట్టు మందు చిమ్మే డబ్బా బజారులోకొచ్చింది. శాస్త్ర చరిత్రలో ఇంత తిన్నని ప్రశ్నలు అరుదు.

డబ్బా బాగుంది, లోపలి మందుతోనే పేచీ. అందులో ఐసోప్రెనలిన్ ఉండేది. అది ఊపిరి గొట్టాన్నీ గుండెనూ వేరుచేసి చూడదు. 1960ల్లో ఇంగ్లండులో దాని గాఢమైన రకం అమ్మకాలు పెరిగిన కాలంలోనే ఉబ్బసంతో చనిపోయే కుర్రవాళ్ల సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. మందు గుండెను చంపిందా, లేక మందుని నమ్ముకుని ఆసుపత్రికి పోవడం ఆలస్యం చేశారా అన్న వాదన చాలాకాలం నడిచింది. రెండూ కావచ్చని నా అనుమానం. ఈలోగా ఔషధశాస్త్రం తన పని తాను చేసుకుపోయింది. అడ్రినలిన్‌కి స్పందించే గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని రేమండ్ ఆల్‌క్విస్ట్ 1948లోనే చెప్పాడు. బీటాలో మళ్లీ రెండు రకాలని 1967లో తేలింది. గుండెలో ఎక్కువగా మొదటిది, ఊపిరి గొట్టాల్లో ఎక్కువగా రెండోది. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులోని వేర్ అనే చిన్న ఊళ్లో డేవిడ్ జాక్ బృందం రెండోదాన్నే ఏరుకుని తాకే సాల్బుటమాల్‌ని తయారుచేసింది. 1969లో అది అమ్మకానికి వచ్చింది. మా పెదనాన్న చేతివణుకు అంతటి ఏరివేత తర్వాత కూడా మిగిలిన శేషం.

ఇదే దారిలో ఎదురు నడిచినా ఉబ్బసం ఇంటికే చేరతాం. బీపీకో, తలనొప్పికో, పరీక్షల భయానికో ఇచ్చే ప్రొప్రనొలాల్ ఈ బీటా గ్రాహకాలనే మూసేస్తుంది. ఉబ్బసం ఉన్నవాడికి అది విషంతో సమానం. మాత్ర దాకా ఎందుకు, గ్లాకోమాకి కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కంటి మూలనుంచి ముక్కులోకి దిగి, రక్తంలో కలిసి, ఊపిరి గొట్టాల్ని బిగించగలవు. కంటి డాక్టరు దగ్గర ఉబ్బసం మాటెత్తడం ఎవరికి గుర్తుంటుంది? బీపీకిచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మాత్రలు కొందరికి నెలల తరబడి పొడిదగ్గు తెస్తాయి. దాంతో దగ్గు సిరప్‌లు సీసాలకు సీసాలు తాగేసి, క్షయ పరీక్షలు చేయించుకుని, మిరియాల కషాయంతో నోరు కాల్చుకున్నవాళ్లున్నారు. మాత్ర మారిస్తే కొన్ని వారాల్లో దగ్గు పోతుంది.

ఉమ్మెత్త కథ ఇంకా బాగుంటుంది. ఎండిన ఉమ్మెత్తాకు చుట్టగా చుట్టి పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందని మన పక్క పల్లెల్లో చాలామందికి తెలుసు. ఆ సంగతి మద్రాసులో ఈస్టిండియా కంపెనీ పెద్ద డాక్టరు జేమ్స్ ఆండర్సన్ చెవిన పడింది. ఆయన చెబితే విని, ఉబ్బసంతో బాధపడుతున్న జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802లో దాన్ని ఇంగ్లండుకు పట్టుకెళ్లాడు. తర్వాత నూరేళ్ల పైన ఉమ్మెత్త సిగరెట్లు యూరపు మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. ఊపిరి తీయలేనివాడికి సిగరెట్ ఇచ్చి పంపిన వైద్యం అది, పైగా పనిచేసేది! ఉమ్మెత్తలోని అట్రోపిన్ జాతి పదార్థాలు, గొట్టాల్ని బిగించమని నరం పంపే కబురుని మధ్యలో ఆపేస్తాయి. అయితే ఆ నరాల కబుర్లు నోట్లో లాలాజలానికీ, కంటిపాపకీ, మూత్రాశయానికీ, మెదడుకీ కూడా పోతుంటాయి. అందుకే ఉమ్మెత్త తిన్నవాడికి నోరెండి, చూపు మసకబారి, మతి చెడి, గోడలతో మాట్లాడతాడు. ఊళ్లో ఎవరైనా అర్థంలేని పని చేస్తే ఉమ్మెత్తకాయ తిన్నావా అని ఇప్పటికీ తిడతాం.

ఆ మొక్కకి వారసుడే ఇప్రాట్రోపియం. ఆసుపత్రిలో నెబులైజర్ పెట్టేటప్పుడు "డ్యుయోలిన్ తీసుకురండి" అంటే అందులో లెవోసాల్బుటమాల్‌తోపాటు ఉండేది ఇదే. రసాయనవేత్తలు చేసిన మార్పల్లా అట్రోపిన్ అణువులోని నత్రజని మీద ఒక శాశ్వత విద్యుదావేశం పెట్టడం. ఆవేశమున్న అణువు పొరల్ని తేలిగ్గా దాటలేదు. పీల్చినచోటే ఉంటుంది, రక్తంలోకి కొద్దిగానే పోతుంది, మెదడుకు దాదాపు చేరదు. మతి చెడడం పోయింది, నోరెండడం మిగిలింది. పెద్దవాళ్లకి మాస్కు వదులుగా పెడితే పొగమంచు కళ్లలోకి పోయి పాపలు పెద్దవై చూపు మసకబారుతుంది. గ్లాకోమా ఉంటే అది ప్రమాదమే. ప్రోస్టేట్ పెరిగిన తాతగారికి మూత్రం ఆగిపోవచ్చు. మాస్కు ముక్కు మీద సరిగ్గా ఆనిందో లేదో చూసే నర్సమ్మ చేసేది చిన్న పని కాదు.

కాఫీ కూడా ఈ వంశంలోదే. తనకే ఉబ్బసం ఉన్న హెన్రీ హైడ్ సాల్టర్ అనే ఇంగ్లీషు డాక్టరు, చిక్కటి కాఫీ పరగడుపున తాగితే ఆయాసం తగ్గుతుందని 1860 నాటికే రాశాడు. కాఫీలోని కెఫీన్‌కి దగ్గరి చుట్టం టీ ఆకులో దొరికిన థియోఫిలిన్. దాన్ని 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ వేరుచేశాడు. మన తరానికి అది డెరిఫిలిన్ పేరుతో పరిచయం. ఒకప్పుడు ఆయాసంతో ఏ ఆసుపత్రి మెట్లెక్కినా "డెరిఫిలిన్, డెకడ్రాన్" అనే జంట ఇంజక్షన్లు పడాల్సిందే. గొట్టాలు కొంచెం విప్పుతుంది, డయాఫ్రం కండరానికి కాస్త ఊతమిస్తుంది. కానీ పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. కొంచెం ఎక్కువైతే వికారం, దడ, నిద్రలేమి. ఇంకా ఎక్కువైతే మూర్ఛలు. పైగా దాని మోతాదు మనిషి చేతుల్లో ఉండదు. చుట్టలు కాల్చేవాడి కాలేయం దాన్ని త్వరగా ఖర్చు పెడుతుంది, కాబట్టి మోతాదు ఎక్కువ కావాలి. డాక్టరు మాట విని అతను చుట్ట మానేశాడనుకోండి, అదే మోతాదు ఇప్పుడు ఒంట్లో పేరుకుపోతుంది. విరేచనాలకని సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకున్నా అంతే. మంచి పని చేసినందుకు శిక్ష పడే మందు నాకు తెలిసి ఇదొక్కటే. ఇప్పుడు దాని వాడకం బాగా తగ్గింది. కెఫీన్‌కి మాత్రం మంచి ఉద్యోగం దొరికింది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులు నిద్రలో ఊపిరి తీయడం మరిచిపోతుంటారు. వాళ్లకి ఇన్‌క్యుబేటర్లో కొలతగా కెఫీన్ ఇస్తారు. మనల్ని రాత్రంతా దొర్లించే గుణమే అక్కడ ప్రాణం నిలబెడుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ బిగిసిన గొట్టాన్ని విప్పేవి. ఎందుకు బిగుస్తోందన్న సంగతి వాటికి పట్టదు. ఉబ్బసం అసలు గొట్టం లోపలి పొర వాపు. దుమ్మో, పుప్పొడో, పిల్లి బొచ్చో, చలిగాలో తగలగానే ఆ వాచిన పొర రెచ్చిపోతుంది, కండరం బిగుస్తుంది. ఆ వాపుని తగ్గించేవి స్టెరాయిడ్లు. ఈ మాట వినగానే సగం మంది లేచి చెప్పులేసుకుంటారు. వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. 1948లో మేయో క్లినిక్‌లో కార్టిజోన్ ఇచ్చిన కీళ్లవాతం మనిషి మంచం దిగి నడిచింది. రెండేళ్లకే ఆ పనికి నోబెల్ వచ్చింది. దాని వెనకే ఆ మందు అసలు రూపమూ బయటపడింది: ముఖం గుండ్రంగా ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం, కళ్లలో శుక్లాలు, చర్మం పల్చబడడం. స్టెరాయిడ్ కణంలోకి పోయి, కేంద్రకం దాకా చేరి, ఏ జన్యువు పలకాలో ఏది ఊరుకోవాలో మార్చేస్తుంది. వాపుని పుట్టించే కబుర్లు ఆగిపోతాయి. ఆ కేంద్రకాలు ఎముకలోనూ ఉన్నాయి, కాలేయంలోనూ ఉన్నాయి, అన్నిచోట్లా అదే పెత్తనం. బయటనుంచి రోజూ వస్తుంటే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. అందుకే వారాల తరబడి వాడిన వైసొలోన్ మాత్రను ఒక్కసారిగా ఆపకూడదంటారు, మెల్లగా దించాలి.

ఇక్కడే ఆ పేరులేని పొట్లం కథ తేలుతుంది. అలాంటి పొట్లాల్లో, అలాగే "వంద శాతం మూలికలు" అని రాసిన కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ బయటపడిన సందర్భాలు కొత్తేమీ కావు. రెండు పూటల్లో ఆయాసం పోతుంది, ఆకలి వేస్తుంది, బుగ్గలు నిండుతాయి. "మందు బాగా పడింది, ఒళ్లు చేశాడు" అని చుట్టాలు మెచ్చుకుంటారు. ఆ మెప్పుదల నిజానికి రోగలక్షణ వర్ణన. కోవిడ్‌లో ఇదే విషయం ఊళ్లకు ఊళ్లు చూశాయి. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో డెక్సామెథసోన్ మరణాల్ని తగ్గిస్తుందని 2020 జూన్‌లో ఇంగ్లండులో పెద్ద పరీక్షలో తేలింది. చవకైన పాత మందు, నిజమైన మేలు. 2021 వేసవిలో మన దగ్గర అవసరం ఉన్నా లేకపోయినా, జ్వరం మొదటి రోజునుంచే, వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి వాడేశారు. చక్కెర అదుపులో లేని ఒళ్లల్లో రోగనిరోధక శక్తి చతికిలపడింది. బ్లాక్ ఫంగస్ కళ్లూ దవడలూ తినేసింది. మందు ఒకటే, గుణమూ ఒకటే.

పీల్చే స్టెరాయిడ్‌ది వేరే సంగతి. 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్ వచ్చింది, తర్వాత బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ వచ్చాయి. మాత్రలు మిల్లీగ్రాముల్లో ఉంటే ఇవి మైక్రోగ్రాముల్లో. పీల్చింది గొట్టం పొర మీద వాలుతుంది. మింగేసిన భాగాన్ని కాలేయం చాలావరకు అక్కడికక్కడే విరిచేస్తుంది. దోషాలు లేవా? గొంతు బొంగురుపోతుంది, నాలుక మీద తెల్లటి పూత పూస్తుంది. పీల్చాక పుక్కిలించి ఉమ్మేస్తే, మధ్యలో స్పేసర్ గొట్టం పెట్టుకుంటే అవి చాలావరకు తప్పుతాయి. పిల్లలకి ఏళ్ల తరబడి వాడితే పెద్దయ్యాక ఎత్తులో ఒక సెంటీమీటరు అటూఇటూ తగ్గవచ్చు. ఆ సెంటీమీటరు మాట వినగానే తల్లిదండ్రుల ముఖాలు వాడిపోతాయి, నాకు అర్థమవుతుంది. కానీ రాత్రిళ్లు కూర్చుని తెల్లవార్చే పిల్లాడు ఎలా పెరుగుతాడు? నన్నడిగితే ఆ బేరం నష్టం బేరం కాదు.

దీని అసలు లోపం మందుల పుస్తకాల్లో ఉండదు. పీల్చిన క్షణాన ఏమీ తెలియదు. చెయ్యి వణకదు, గుండె దడదడలాడదు, గొంతు చల్లబడదు. జన్యువుల దాకా పోయి చేసే పని కాబట్టి రోజులు పడుతుంది. పదిరోజులకి పిల్లికూతలు తగ్గితే, తగ్గిపోయింది కదా అని మానేస్తారు. నెలకు మళ్లీ వస్తే, మందు పనిచేయలేదంటారు. వాడుతుంటే రాకుండా ఉందంటే, అదిగో అలవాటైపోయిందంటారు. కళ్లజోడు తీస్తే మసకేయడాన్ని అలవాటు అనం కదా! ఉబ్బసానికి ప్రపంచవ్యాప్తంగా వైద్యసూచనలిచ్చే గినా సంస్థ 2019లో పెద్ద మాటే చెప్పింది: పెద్దవాళ్లకీ, పన్నెండు దాటిన పిల్లలకీ ఒట్టి సాల్బుటమాల్ ఒక్కదాన్నే ఇవ్వకండి, స్టెరాయిడ్ లేకుండా ఉబ్బసానికి వైద్యం చేయకండి అని. గొట్టం విప్పుకుంటూ పోతే మనిషికి హాయిగా ఉంటుంది, వాపు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇంగ్లండులో 1960ల్లో పోయిన కుర్రవాళ్ల వెనక ఉన్న సంగతి ఇది కూడా.

తెలుగునాట దగ్గూ ఆయాసమూ అనగానే పలికే మరో పేరు ఈస్నోఫీలియా. మా చిన్నప్పుడు రాత్రిపూట దగ్గే ప్రతివాడికీ అదే. రక్తపరీక్షలో ఈస్నోఫిల్స్ కాస్త పెరిగితే చాలు, జబ్బు పేరు ఖాయం. నిజానికి అలర్జీ ఉన్నా, కడుపులో నులిపురుగులున్నా ఆ కణాలు పెరుగుతాయి. కానీ అసలైన ఈస్నోఫీలియా జబ్బు ఒకటుంది, అది మన నేలకి దగ్గరి చుట్టమే. దాన్ని మొదట గుర్తించి రాసినవాళ్లలో ఫ్రిమోడ్ మోలర్, బార్టన్ ఉన్నారు, 1940లో. మోలర్ పనిచేసింది మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో. క్షయ అనుకుని వచ్చినవాళ్లలో కొందరికి క్షయ లేదు, రక్తం నిండా ఈస్నోఫిల్స్. తర్వాత తెలిసిందేమంటే, బోదకాలు తెచ్చే ఫైలేరియా సూక్ష్మక్రిములు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ఒళ్లు వాటి మీద విరుచుకుపడడమే ఆ జబ్బు. దోమల గోదావరి జిల్లాలకి అది కొత్త కాదు. దానికి మందు డైఇథైల్ కార్బమజిన్, హెట్రజాన్. 1947లో లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో వెలుగుచూసింది. ఆయన పుట్టింది భీమవరంలో, పనిచేసింది న్యూయార్క్ పక్కన, మందు మాత్రం సొంత ఊరి జబ్బుకి. ఆ మాత్ర వేసుకుంటే బోదక్రిములు ఎక్కువున్న మనిషికి జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి వస్తాయి. ఆ జ్వరం చాలావరకు మందుది కాదు, చస్తున్న క్రిములది. ఒంట్లో క్రిములు లేనివాడికి దాదాపు ఏమీ కాదు. ఇంటింటికీ వచ్చి మాత్రలు పంచినప్పుడు, ఎవరికి జ్వరమొచ్చిందో వాళ్లే ఎక్కువ తిట్టారు, ఎవరికి అవసరమో వాళ్లే.

ముక్కు మందుల గురించి ఎక్కువ చెప్పను. నిజంగా అలవాటయ్యేది ఏదైనా ఉంటే అది ముక్కులో వేసే ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ చుక్కలు. రక్తనాళాల్ని బిగించి దిబ్బడ తీస్తాయి, వారం దాటి వాడితే మందు దిగగానే ముక్కు రెట్టింపు మూసుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకు తిరిగేవాళ్లని ఎవరూ ఏమీ అనరు. జలుబు మాత్రల్లో ఉండే ఫినైల్ఎఫ్రిన్ మింగితే దిబ్బడకు పనిచేయదని 2023లో అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘం తేల్చింది. మాత్రలోని రెండోది, క్లోర్‌ఫెనిరమిన్, మాత్రం నిద్ర పుచ్చుతుంది. మనల్ని మెలకువగా ఉంచే పనిలో మెదడుకి హిస్టమిన్ కావాలి, అలర్జీకని దాన్ని మూసేస్తే కునుకు పడుతుంది. జలుబు తగ్గిందని మనం అనుకునే రాత్రుల్లో చాలా వాటికి కారణం ఆ నిద్రే. దగ్గు సిరప్‌ల్లోని బ్రోమ్‌హెక్సిన్, దాని కొనసాగింపైన అంబ్రోక్సాల్ రెండూ మన అడ్డసరం ఆకులోని వాసిసిన్ నుంచి వచ్చినవే. కఫం పల్చన చేస్తాయి. అమ్మమ్మ అడ్డసరం కషాయం చేదుకి ఏడ్చిన పిల్లలు ఇప్పుడు వాటిని చెర్రీ రుచిలో తాగుతున్నారు.

మాంటెలుకాస్ట్ గురించి మాత్రం ఇంట్లో తెలిసి ఉండాలి. రాత్రిపూట ఒక మాత్ర, లెవోసెట్రిజిన్‌తో కలిపి, దాదాపు ప్రతి ఇంట్లో ఉంటోంది. ల్యూకోట్రయీన్ అనే వాపు కబురుని ఆపుతుంది. దడ లేదు, వణుకు లేదు, నిక్షేపంలాంటి మందు అనుకున్నారు. కొంతమందికి, ముఖ్యంగా పిల్లలకి, పీడకలలు, చిరాకు, దిగులు, అరుదుగా చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తాయని 2020 మార్చిలో అమెరికాలో దాని మీద అన్నిటికన్నా గట్టి హెచ్చరిక వేయించారు. మాకు తెలిసిన ఇంట్లో ఏడేళ్ల బాబు అర్ధరాత్రి లేచి కేకలేసేవాడు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, స్కూల్లో ఎవరైనా కొడుతున్నారేమోనని వాకబు చేశారు. అన్నిటిలోనూ కారణం వెదికారు, మాత్రలో తప్ప. అది జలుబు మాత్ర కదా! చివరికి పిల్లల డాక్టరు, ఏమేం మందులు వాడుతున్నారమ్మా అని మొదటినుంచీ అడిగి, దాన్ని ఆపించాడు. కొన్నాళ్లకు కేకలు ఆగాయి. ఆ తల్లి తాయెత్తు మాత్రం తీయలేదు. దేని వల్ల తగ్గిందో మనకేం తెలుసండీ అంటుంది.

మొన్న మందుల షాపులో నా ముందు నిలబడ్డాయన చీటీ కౌంటరు మీద పెట్టాడు. రెండు ఇన్‌హేలర్లు రాసి ఉన్నాయి. షాపు అబ్బాయి రెండూ తీసి పెట్టి ధర చెప్పాడు. ఆయన రెండు డబ్బాల్నీ చేతిలో అటూఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో వెంటనే పనిచేసేది ఏది బాబూ?"

"ఇదండీ. ఆయాసమొచ్చినప్పుడు కొట్టేది."

"మరి ఇదో?"

"ఇది రోజూ వాడాలండీ. వాపుకి. స్టెరాయిడ్ కలిసుంటుంది."

"కొడితే తెలుస్తుందా?"

అబ్బాయి నిజాయితీపరుడు. "ఏమీ తెలీదండీ," అన్నాడు. ఖరీదు కూడా దానిదే ఎక్కువ. ఆయన ఆ రెండోదాన్ని మర్యాదగా వెనక్కి జరిపాడు.

"అయితే ఈసారికి తెలిసేదొక్కటి ఇవ్వు."